గ్యాస్ మాత్ర ఎప్పటిదాకా?

మా ఇంట్లో గ్యాస్ మాత్ర విషయంలో రెండు పార్టీలున్నాయి. గుంటూరులో మా నాన్న, ఇక్కడ విజయవాడలో మా అత్తయ్య ఒక వైపు, ఇద్దరికీ పొద్దున లేవగానే పాన్ ఫార్టీ, అంటే పాంటోప్రజోల్ అనే యాసిడ్ తగ్గించే మందు 40 మిల్లీగ్రాముల మాత్ర, పడాల్సిందే, ఆ తర్వాతే కాఫీ. ఇంకో వైపు మా పిన్ని. ఆవిడ లెక్క ప్రకారం ఆ మాత్రలు ఏళ్ళ తరబడి వేసుకుంటే కిడ్నీలు పోతాయి, ఎముకలు గుల్లబారతాయి, మతిమరుపు వస్తుంది, ఇంట్లో జీలకర్ర, వాము, అల్లం, మజ్జిగ ఉండగా షాపు మందులెందుకు అంటుంది. పండక్కి అందరం కలిస్తే ఈ గొడవ లేకుండా భోజనాలు అవ్వవు. నాకు అందరిమీదా ప్రేమే, రెండు వైపులా కొంత నిజం ఉంది కూడా, కానీ వాదన ఇలా సాగినంతకాలం అసలు అడగాల్సింది ఎవరూ అడగట్లేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆ మాత్ర ఎందుకు మొదలుపెట్టారు? ఎప్పటిదాకా వేసుకోమన్నారు? మనవైపు ఇంటింటికీ ఆ స్ట్రిప్పు ఉంటుంది, ఈ రెండు ప్రశ్నలకి జవాబు ఉన్న ఇళ్ళు మాత్రం నాకు పెద్దగా కనపడలేదు.

నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేశారు. యార్డు సీజను అంటే తెలిసినవాళ్ళకి తెలుసు, ఫిబ్రవరి నుంచి వేసవి దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లారీలకి లారీలు దిగుతుంటాయి, లెక్కలు తేలేసరికి రాత్రి ఏ టైమవుతుందో చెప్పలేం, ఇంటికొచ్చి స్నానం చేసి ఆవకాయో గోంగూరో కలుపుకుని కడుపునిండా తిని, అలిసిపోయి ఉంటారు కదా, అట్నించటే పడుకోవడం. రాత్రిళ్ళు దగ్గు. అది మిర్చి ఘాటు వల్లే అనుకునేవాళ్ళం అందరం, యార్డులో పనిచేసేవాళ్ళెవరికి దగ్గుండదు చెప్పండి. రిటైరై యార్డుకి వెళ్ళడం మానేశాక కూడా దగ్గు పోలేదు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు, తెల్లారి లేస్తే నోరంతా పులుపు. మాత్ర మాత్రం ఏళ్ళుగా నడుస్తూనే ఉంది.

కొత్తపేటలో ఒక గ్యాస్ట్రో డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన అడిగిన మొదటి మాట, "అంకుల్, ఈ మాత్ర మీకు ఎవరు రాశారు, దేనికి రాశారు?" నాన్న అమ్మ వైపు చూశారు, అమ్మ నా వైపు చూసింది. అమ్మ దగ్గర పాత చీటీలన్నీ ఒక గుడ్డ సంచిలో ఉంటాయి, ఇంటికెళ్ళి అదంతా మంచం మీద పోసి వెతికితే దొరికింది. ఎప్పుడో మోకాలి నొప్పికి ఎముకల డాక్టర్ పెయిన్ కిల్లర్ రాసి, అది కడుపుని పాడు చెయ్యకుండా తోడుగా పాంటోప్రజోల్ రాశారు. అలా రాయడం సరైనదే. పెయిన్ కిల్లర్ కొన్నాళ్ళకి ఆగిపోయింది, తోడు వచ్చిన మాత్ర ఆగలేదు. మెడికల్ షాపు అబ్బాయి స్ట్రిప్పు ఇస్తూనే ఉన్నాడు, డాక్టర్ చీటీ మీదే అమ్మాలని ఆ స్ట్రిప్పు మీదే రాసి ఉంటుంది, కానీ మనకి గ్యాస్ మాత్ర అంటే చాక్లెట్‌తో సమానం అయిపోయింది కదా.

మధ్యలో ఆపడానికి చూడలేదా అంటే చూశారు పాపం. ఆపిన ప్రతిసారీ మూడో రోజుకో నాలుగో రోజుకో గుండెల్లో మంట భగ్గుమనేది, అయ్య బాబోయ్ నాకు ఇది లేకపోతే కుదరదు అని మళ్ళీ మొదలు. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది, ఇది తెలియకే చాలామంది జీవితాంతం ఆ మాత్రకి కట్టుబడిపోతున్నారు. ఈ రకం మాత్రలు యాసిడ్‌ని గట్టిగా తగ్గించేసరికి, యాసిడ్ సరిపోవట్లేదని శరీరం గ్యాస్ట్రిన్ అనే హార్మోన్‌ని ఎక్కువ వదులుతుంది, ఉన్నట్టుండి మాత్ర ఆపితే కొన్ని వారాల పాటు యాసిడ్ మామూలుకంటే ఎక్కువ వస్తుంది. డెన్మార్క్‌లో దీని మీద ఒక పరీక్ష చేశారు, 2009లో బయటికొచ్చింది. ఏ మంటా లేని ఆరోగ్యంగా ఉన్న 120 మందిని తీసుకుని సగం మందికి 8 వారాలు ఎసోమెప్రజోల్ అనే ఇదే రకం మాత్ర ఇచ్చి ఆపేశారు, మిగతావాళ్ళకి మొదట్నించీ మందు లేని ఉత్తుత్తి మాత్ర. ఆపిన తర్వాతి వారాల్లో, అసలు మందు వేసుకున్నవాళ్ళలో 44 శాతం మందికి మంట, పులితేపులు లాంటివి వచ్చాయి, ఉత్తుత్తి మాత్రవాళ్ళలో 15 శాతానికి. వీళ్ళెవరికీ ముందు జబ్బే లేదు, గమనించండి. అంటే ఆపగానే వచ్చే మంట చూసి జబ్బు తిరగబెట్టింది అనుకోవడానికి లేదు, చాలాసార్లు అది మాత్ర ఆపినందుకు వచ్చిన మంట, ఓపిక పడితే తగ్గేది.

అలాగని మాత్రని తిట్టడం నాకు ఇష్టం ఉండదు. 1988లో ఈ రకంలో మొదటిదైన ఒమెప్రజోల్ స్వీడన్‌లో అమ్మకానికి వచ్చింది, అంతకుముందు అల్సర్లకి కడుపు కోసి ఆపరేషన్లు చేసేవాళ్ళు, యాసిడ్ తగ్గించే మందులొచ్చాక ఆ ఆపరేషన్లు బాగా తగ్గిపోయాయి. అన్నం దిగే గొట్టం యాసిడ్‌కి కాలిపోయి పుండు పడ్డవాళ్ళకి ఆ పుండు మానడానికి ఈ మాత్రలు చాలా బాగా పనిచేస్తాయి, జీలకర్ర నీళ్ళతో ఆ పని అవ్వదు. మామూలుగా 8 వారాల కోర్సు ఇచ్చి, తర్వాత అవసరాన్ని బట్టి తగ్గించడమో ఆపడమో చేస్తారు.

ఇంకో సంగతి, వేసుకునే టైము. కడుపు గోడలో యాసిడ్ తయారుచేసే పంపుల్లాంటివి ఉంటాయి, మనం తినబోయేటప్పుడు అవి పని మొదలుపెడతాయి, పని చేస్తున్న పంపుల్నే ఈ మందు పట్టుకుని మూసేస్తుంది. అందుకే టిఫినుకి అరగంట నుంచి గంట ముందు వెయ్యాలి. మందు పేగుల్లో కరిగి, రక్తంలో కలిసి, మళ్ళీ తిరిగి కడుపు గోడకి చేరాలి, అంత ప్రయాణం ఉంది దానికి. మనవాళ్ళు చాలామంది బిర్యానీ తిన్నాక మంట మొదలయ్యాక వేసుకుంటారు, అప్పుడు పెద్దగా ఏం జరగదు, మాత్ర పనిచెయ్యట్లేదు ఇంకా పవర్‌ది కావాలి అంటారు. ఆ క్షణంలో మంట తగ్గాలంటే జెలుసిల్, డైజీన్ లాంటి యాంటాసిడ్ సిరప్పే నయం. నాన్న కూడా ఒక్కోరోజు ఇడ్లీ తినేశాక గుర్తొచ్చి వేసుకునేవారు. పరగడుపున అంటే పరగడుపునే, తర్వాత అరగంట ఆగి టిఫిన్ తినాలి, ఈ రెండో సగం ఎవరూ చెప్పట్లేదు.

డాక్టర్ గారు ఎండోస్కోపీ చేశారు. అందరికీ అది అక్కర్లేదు గానీ నాన్న వయసు, అన్నేళ్ళ మాత్ర, ఆ దగ్గు చూసి చేశారు. గొట్టం కింద కాస్త ఎర్రగా ఉంది, పుండు లేదు. తర్వాత ఆయన బీపీ మాత్ర పేరు అడిగారు. అమ్లోడిపిన్. కడుపుకీ గొట్టానికీ మధ్య ఒక కండరం బిగుసుకుని ఉండి యాసిడ్‌ని పైకి రాకుండా ఆపుతుంది, ఈ రకం బీపీ మందులు కొందరిలో ఆ కండరాన్ని కొంచెం వదులు చేస్తాయట, బీపీ డాక్టర్‌తో మాట్లాడి వేరేది చూద్దాం అన్నారు. గ్యాస్ గురించి ఎంత మాట్లాడుకున్నా బీపీ బిళ్ళ సంగతి మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. ఇది చదివి ఎవరూ బీపీ మాత్ర ఆపేయకండి, వాడుతున్న మందులన్నీ, పెయిన్ కిల్లర్లతో సహా, డాక్టర్ ముందు పెట్టండి చాలు.

ఇక పిన్ని వైపు వద్దాం. పిన్ని చెప్పేవాటిలో అసలు పనిచేసేవి ఆవిడ పెద్దగా చెప్పనివే, వాటికి గ్లాసులో కలుపుకుని తాగేదేం ఉండదు. రాత్రి భోజనానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలు. బొజ్జ తగ్గడం, లావుగా ఉన్నవాళ్ళకి ఇదొక్కటి చేసే మేలు చాలా ఉంటుంది, కడుపు మీద ఒత్తిడి తగ్గితే యాసిడ్ పైకి తన్నడం తగ్గుతుంది. సిగరెట్టు, ఖైనీ మానడం. ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం, కడుపు ఉండే తీరుని బట్టి ఎడమ పక్కకి పడుకుంటే యాసిడ్ గొట్టం కంటే కింద ఉంటుంది, కుడి పక్కకి తిరిగితే తేలిగ్గా పైకొస్తుంది. ఇంకా మంచం తల వైపు ఎత్తు చెయ్యడం. ఇది దిండ్లు పెట్టి కాదు, నాలుగు దిండ్లు పెడితే నడుం దగ్గర మనిషి వంగిపోయి కడుపు ఇంకా నొక్కుకుంటుంది. మంచం తల వైపు కోళ్ళ కింద ఇటుకలో చెక్కలో పెట్టి 6 నుంచి 8 అంగుళాలు లేపాలి. నాన్నకి తమ్ముడు టేకు చెక్క ముక్కలకి మధ్యలో గుంట తొలిచి కోడు జారకుండా చేసిపెట్టాడు. మొదట్లో అమ్మ కిందికి జారిపోతున్నాను అని గొడవ, తర్వాత అలవాటైపోయింది. నాన్న రాత్రి దగ్గు తగ్గింది ముందు దీనివల్లే అని నా నమ్మకం, మందు మారకముందే తగ్గడం మొదలైంది మరి.

భోజనం టైము మార్చడమే కష్టమైంది. రిటైరయ్యాక కూడా యార్డు టైముకే ఆకలేసేది ఆయనకి. సాయంత్రం మిరపకాయ బజ్జీలు తిని, రాత్రి పదిన్నరకి పెరుగన్నం దాకా తిని పడుకోవడం. అమ్మ ఏం చేసిందంటే బజ్జీలు ఆపేయమని పోరు పెట్టలేదు, బజ్జీల టైములోనే భోజనం పెట్టెయ్యడం మొదలుపెట్టింది, ఏడింటికల్లా కంచం ముందుంటే ఎవరు మాత్రం ఎంతసేపు ఊరుకుంటారు. రాత్రి ఆకలేస్తే అరటిపండు.

కారం గురించి చెప్పకపోతే గుంటూరోళ్ళు ఊరుకోరు. ఎసిడిటీ అనగానే బయటివాళ్ళు మొదట అనే మాట మీరు తినే కారం అలాంటిది అని. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ నోట్లో మంట ఎలా పుట్టిస్తుందో, యాసిడ్‌కి ఒరిసిపోయి ఉన్న గొట్టం మీద కూడా అలాగే పుట్టిస్తుంది, అందుకే జబ్బున్నప్పుడు కారం తింటే మండుతుంది, అది నిజం. కానీ కారం తిన్నందుకే అల్సర్ వచ్చింది అనే మాట చాలావరకు పాతబడిపోయింది. అల్సర్లకి పెద్ద కారణాలు రెండు, ఒకటి పెయిన్ కిల్లర్లు, రెండోది హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అని ఇద్దరు డాక్టర్లు ఇది కనిపెట్టారు, ఎవరూ నమ్మకపోతే మార్షల్ 1984లో ఆ బాక్టీరియాని తనే తాగి కడుపు పాడు చేసుకుని మరీ చూపించాడు, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ బాక్టీరియా ఉందని టెస్టులో తేలితే యాంటీబయాటిక్ కోర్సు వాడాలి, వాముతో పోదు. రిఫ్లక్స్, అంటే యాసిడ్ గొట్టంలోకి పైకి తన్నడం, విషయంలో అయితే కారం కంటే నూనె ముఖ్యం అంటాను నేను, కొవ్వు ఎక్కువున్న తిండి కడుపులో ఎక్కువసేపు ఉంటుంది, ఆ కండరాన్ని వదులు కూడా చేస్తుంది. పునుగులు తిని మంటొస్తే పక్కనున్న అల్లం పచ్చడిని తిడతాం గానీ పునుగు పీల్చిన నూనెని ఏమీ అనం. ఎవరికి ఏది పడట్లేదో కొన్నాళ్ళు రాసుకుని చూసుకోవాలి, అందరికీ ఒకే లిస్టు పెట్టి అన్నీ మాన్పించేస్తే మనిషి నీరసపడిపోతాడు, మానినవేమో నిలవవు. నాన్న ఆవకాయ మానలేదు, మధ్యాహ్నానికి మార్చుకున్నారు.

వంటింటి మందుల్లో కొన్నిటితో జాగ్రత్త కావాలి, ఇది పిన్నికి ఎదురుగా కూర్చుని చెప్పాను కూడా. "పిన్నీ, నువ్వు ఇచ్చే మజ్జిగ, జీలకర్ర నీళ్ళు ఎవరికీ చెడు చెయ్యవు, ఇవ్వు, కానీ నిమ్మరసం, యాపిల్ సైడర్ వెనిగర్ పరగడుపున తాగమని అందరికీ ఫార్వర్డ్ చెయ్యకు" అన్నాను. కాలిన గొట్టం మీద ఇంకో పులుపు పోయడం ఏంటి, పళ్ళ ఎనామిల్ కూడా పోతుంది. పుదీనా చలవ అంటారు గానీ అది ఆ కండరాన్ని వదులు చేస్తుంది, రిఫ్లక్స్ ఉన్న కొందరికి మంట పెరుగుతుంది. చల్లటి పాలు తాగితే అప్పటికి హాయిగా ఉంటుంది, కాసేపటికి కడుపు మళ్ళీ యాసిడ్ వదులుతుంది. అతిమధురం ఎక్కువ రోజులు తింటే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. వంటసోడా, ఈనో రోజూ తాగేవాళ్ళున్నారు, వాటిలో సోడియం చాలా ఉంటుంది, బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఉప్పు తగ్గించి కూర వండుకుని రాత్రికి ఇది తాగితే ఏం లాభం. పిన్ని కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అయితే జీలకర్ర నీళ్ళు మంచివే అంటావు" అంది.

చిట్కాలతో ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకూడనివి ఉన్నాయి. అన్నం మింగుతుంటే అడ్డం పడటం, కారణం లేకుండా బరువు తగ్గిపోవడం, రక్తం వాంతి, తారులాగా నల్లటి విరోచనం, రక్తహీనత. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం, ఆయాసం ఇలాంటివి ఉంటే సోడా తాగి తేపు కోసం ఎదురుచూడకండి, ఎంత రాత్రైనా ఈసీజీ తీయించండి. షుగర్ ఉన్నవాళ్ళకి గుండెపోటు ఉత్త మంటలాగా కూడా రావచ్చు.

నాన్నకి మాత్ర ఒక్కసారిగా ఆపలేదు. 40 నుంచి 20కి, తర్వాత రోజు విడిచి రోజు, మధ్యలో మంటొస్తే ఆల్జినేట్ సిరప్, అది కడుపులో ఉన్నదాని మీద తెట్టులాగా తేలి పైకి రాకుండా ఆపుతుంది. రెండు మూడు వారాలు బాగానే ఇబ్బంది పడ్డారు, "అమ్మాయ్, ఇది నా వల్ల కాదే" అని ఫోన్లు, ఇది మాత్ర ఆపిన మంట నాన్నా, తగ్గుతుంది అని ముందే తెలుసు కాబట్టి చెప్పగలిగాను. ఇప్పుడు పెళ్ళి భోజనాలప్పుడు ఎప్పుడైనా సిరప్ తాగుతారు, అంతే.

ఇది చూసి పిన్ని ఊరుకుంటుందా, అత్తయ్యకి ఫోన్ చేసి వదినగారూ మీరు కూడా ఆపెయ్యండి అంది. అత్తయ్య ఆపడానికి రెడీ అయిపోయారు కూడా. నేను వద్దన్నాను. అత్తయ్యకి గుండెకి స్టెంటు వేశారు, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నారు, వయసు డెబ్బై దాటింది, ఆ రెండు మందులకీ కడుపులో రక్తం కారే ప్రమాదం ఉంది కాబట్టే పాంటోప్రజోల్ పెట్టారు. ఈవిడకి మంటే లేదు, ఉండక్కర్లేదు, మాత్ర ఉన్నది మంట కోసం కాదు. గొట్టంలో పెద్ద పుండ్లు పడ్డవాళ్ళకి, బ్యారెట్స్ అని గొట్టం లోపలి పొర మారిపోయినవాళ్ళకి కూడా ఇలాగే మాత్ర కొనసాగిస్తారు, వాళ్ళు సొంతంగా ఆపకూడదు.

సైడ్ ఎఫెక్ట్స్ భయం సంగతి ఏంటని అత్తయ్య అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. కిడ్నీలు, మతిమరుపు అంటూ వచ్చిన వార్తలు ఎక్కువగా రికార్డులు తిరగేసి చేసిన స్టడీల నుంచి వచ్చినవి, జబ్బులు ఎక్కువున్నవాళ్ళకే ఈ మాత్రలు ఎక్కువ రాస్తారు కాబట్టి ఏది దేనివల్లో వాటిలో తేల్చడం కష్టం. కంపాస్ అనే పెద్ద ట్రయల్‌లో అత్తయ్య లాంటి గుండె, రక్తనాళాల జబ్బులున్న 17,598 మందికి చీటీ వేసినట్టు కొందరికి పాంటోప్రజోల్ 40, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సుమారు మూడేళ్ళు చూశారు, 2019లో ఫలితాలు వచ్చాయి. స్పష్టంగా తేడా కనపడింది పేగుల ఇన్ఫెక్షన్లలోనే, పాంటోప్రజోల్ వేసుకున్నవాళ్ళలో 1.4 శాతం, ఉత్తుత్తి మాత్రవాళ్ళలో 1.0 శాతం. మూడేళ్ళు అంటే ఇరవై ఏళ్ళు కాదు, నిజమే, అందుకే అత్తయ్య డాక్టర్ గారు బీ12, మెగ్నీషియం అప్పుడప్పుడు చూపించుకోమన్నారు, ఆవిడ షుగర్‌కి వాడే మెట్ఫార్మిన్ కూడా బీ12 తగ్గిస్తుంది కాబట్టి ఇంకా ముఖ్యం. క్లోపిడోగ్రెల్ ఆపాక గ్యాస్ మాత్ర మళ్ళీ చూద్దాం అన్నారు. నేను అడిగితే చీటీ మీద మాత్ర పక్కనే "రక్తస్రావం రాకుండా" అని తెలుగులో రాసిచ్చారు, అత్తయ్యకి అది చూశాక మనసు కుదుటపడింది.

మొన్న మా వీధి చివర షాపులో పాన్ లేదని ఒమెప్రజోల్ ఇవ్వబోయారు, రెండూ గ్యాస్ మాత్రలేగా అమ్మా అన్నాడు ఆ అబ్బాయి. క్లోపిడోగ్రెల్ శరీరంలో మందుగా మారడానికి కావాల్సిన ఎంజైముకి ఒమెప్రజోల్ అడ్డు పడుతుంది, రెండూ కలిపి వాడొద్దని అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2009లోనే హెచ్చరించింది, ఎసోమెప్రజోల్‌తో కూడా అంతే. వద్దమ్మా నాకు ఇదే కావాలి అని అత్తయ్య చీటీ చూపించి, సూర్యారావుపేట దాకా ఆటోలో వెళ్ళి పాంటోప్రజోలే తెచ్చుకున్నారు.